పెప్టైడ్ సూది వేయించుకునే ముందు



"డాక్టరు గారూ, ఇది స్టెరాయిడ్ కాదటండీ. మన ఒంట్లో ఉన్న హార్మోన్‌నే కాస్త తట్టి లేపుతుందట. అందుకని ప్రమాదమేమీ ఉండదట." హార్మోన్ల డాక్టరుగా ఈ మాట ఈ మధ్య తరచుగా వింటున్నాను. చెప్పేవాళ్ళు ఎక్కువగా నలభై దాటినవాళ్ళు. జిమ్‌లో ట్రైనరు చెప్పాడనో, అమెరికాలో ఉన్న బావమరిది వాడుతున్నాడనో, వయసు తగ్గిస్తామనే క్లినిక్‌లో ప్యాకేజీ ఇచ్చారనో వస్తారు. పొట్ట తగ్గుతుంది, కండ పడుతుంది, నిద్ర బాగా పడుతుంది, ముఖంలో కళ వస్తుంది అని వాళ్ళకు అప్పటికే చెప్పి ఉంటారు. సెర్మోరెలిన్, ఇపామోరెలిన్, సీజేసీ-1295 లాంటి నోరు తిరగని పేర్లు నాకంటే గడగడా చెబుతారు. వీటినే గ్రోత్ హార్మోన్ పెప్టైడ్లు అంటున్నారు. ఈ సూది మొదలుపెట్టే ముందు ఏం తెలుసుకోవాలో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు ఆ హార్మోన్ సంగతి. మెదడు అడుగున, ముక్కు మొదలుకి వెనకవైపు, బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. పిట్యూటరీ అంటాం. గ్రోత్ హార్మోన్ అక్కడే తయారవుతుంది. ఇది రోజంతా ఒకే తీరుగా రక్తంలోకి రాదు, విడతలు విడతలుగా వస్తుంది. అన్నిటికంటే పెద్ద విడత రాత్రి తొలి జాములో, గాఢనిద్ర పట్టాక వస్తుంది. విడతకూ విడతకూ మధ్య రక్తం తీసి చూస్తే దాదాపు ఏమీ కనిపించదు. కాబట్టి పగటిపూట ఒక్కసారి తీసిన గ్రోత్ హార్మోన్ రిపోర్టులో అంకె తక్కువగా ఉందంటే దానికి అర్థమేమీ లేదు. నిక్షేపంలా ఉన్న మనిషికి కూడా అలాగే వస్తుంది. ఆ కాగితం చూపించి సూదులు అంటగట్టేవాళ్ళు ఉన్నారు గనుక దీన్ని మొదటే చెప్పేస్తున్నాను.

పిట్యూటరీకి పైనుంచి రెండు ఆజ్ఞలు అందుతాయి. హైపోథలామస్ అనే మెదడు భాగం నుంచి వచ్చే ఒక పెప్టైడ్ "వదులు" అంటుంది. సొమాటోస్టాటిన్ అనే ఇంకొకటి "చాలు, ఆపు" అంటుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మూడో దాన్ని కనిపెట్టారు. ఖాళీ కడుపులోంచి వచ్చే గ్రెలిన్ అది. మనకు ఆకలి పుట్టించేదీ, గ్రోత్ హార్మోన్‌ను బయటికి రప్పించేదీ అదే. బయటికొచ్చిన హార్మోన్ కాలేయం చేత ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. ఒంట్లో పెరుగుదల పని చాలావరకు దీని చేతి మీదుగానే జరుగుతుంది. ఐజీఎఫ్-1 రోజంతా నిలకడగా ఉంటుంది కాబట్టి డాక్టర్లు తొలుత చూసేది దీన్నే. అదీ వయసును బట్టి చూడాలి. ఇరవై ఏళ్ళ కుర్రాడి అంకె పక్కన అరవై ఏళ్ళ పెద్దాయన అంకె పెట్టి "మీకు లోపం ఉంది" అంటే అది లోపం కాదు, ఆయన వయసు.

బజారులో ఉన్న పెప్టైడ్లన్నీ ఈ "వదులు" అనే ఆజ్ఞకు నకళ్ళే. హైపోథలామస్ పంపే పెప్టైడ్‌ను అనుకరించేవి ఒక రకం: సెర్మోరెలిన్, టెసమోరెలిన్, సీజేసీ-1295. గ్రెలిన్‌ను అనుకరించేవి రెండో రకం: ఇపామోరెలిన్, జీహెచ్‌ఆర్‌పీ-2, జీహెచ్‌ఆర్‌పీ-6. క్లినిక్కులవాళ్ళు ఈ రెండు రకాలనూ కలిపి జంటగా ఇస్తుంటారు. వీటితోపాటే ఎంకే-677 అని గుళికలు అమ్ముతారు. నిజానికి అది పెప్టైడే కాదు, గ్రెలిన్ పని చేసే రసాయనం. పెప్టైడ్ నోట్లో వేసుకుంటే పప్పులో ప్రోటీన్ లాగే కడుపులో అరిగిపోతుంది, అందుకే సూది తప్పదు. ఎంకే-677 అరగదు గనుక గుళికగా వస్తుంది. గ్రెలిన్ పని చేసేది కాబట్టి ఆకలి కూడా పెంచుతుంది. పొట్ట తగ్గించుకుందామని మొదలుపెట్టినవాడు రాత్రి పదకొండింటికి ఇంకో ముద్ద పెట్టమని వంటింటి వైపు చూస్తుంటే ఆశ్చర్యమేమీ లేదు.

వీటిలో ఒక్కోదానికీ ఒక్కో చరిత్ర ఉంది. సెర్మోరెలిన్‌ను గ్రోత్ హార్మోన్ లోపమున్న పిల్లల కోసం అమెరికాలో 1997లో అనుమతించారు. 2008లో కంపెనీయే దాని తయారీ ఆపేసుకుంది, భద్రతా కారణాల వల్ల మాత్రం కాదు. టెసమోరెలిన్‌కు 2010లో అమెరికాలో అనుమతి వచ్చింది, అది కూడా ఒక్క జబ్బుకే. హెచ్‌ఐవీ మందులు వాడేవారిలో కొందరికి పొట్ట లోపల కొవ్వు అసహజంగా పేరుకుంటుంది, దాన్ని తగ్గించడానికి. సూది ఆపితే ఆ కొవ్వు మళ్ళీ వస్తుంది. అందరి బొజ్జకూ అది మందు కాదు. ఇపామోరెలిన్‌ను పేగుల ఆపరేషన్ అయినవారికి పేగులు త్వరగా కదలాలని ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందుకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, అక్కడితో ఆ ప్రయత్నం ఆగింది. సీజేసీ-1295 ఒక్క సూది వేస్తే ఐజీఎఫ్-1 తొమ్మిది నుంచి పదకొండు రోజుల పాటు ఎక్కువగానే ఉంటుందని 2006లో తేలింది. అదే ఏడు హెచ్‌ఐవీ రోగుల మీద జరుగుతున్న పరీక్షలో ఒకరు గుండెపోటుతో చనిపోయారు. మందే కారణమని చికిత్స చేసిన డాక్టరు అనలేదు. అయినా పరీక్ష ఆగిపోయింది, మందు మార్కెట్ దాకా రాలేదు. కంపెనీలు సగంలో వదిలేసిన మందులు ఇవాళ "ఆధునిక చికిత్స" పేరుతో తిరిగొచ్చాయి.

"మన హార్మోన్‌నే తట్టి లేపుతుంది" అనే మాటను ఇప్పుడు కాస్త విప్పి చూద్దాం. ఆజ్ఞ ఎంత గట్టిగా ఇచ్చినా అందుకునే గ్రంథి బాగుండాలి కదా. బావి మీద మోటారు కాలిపోయాక స్టార్టరు ఎన్నిసార్లు నొక్కినా నీళ్ళు రావు. గ్రోత్ హార్మోన్ నిజంగా లోపించిన పెద్దవాళ్ళలో చాలామందికి పాడైంది పిట్యూటరీయే. వాళ్ళకు ఈ పెప్టైడ్లు పనిచేయవు. పిట్యూటరీ దెబ్బతిన్నవారికి టెసమోరెలిన్ ఇవ్వకూడదని దాని వివరపత్రంలోనే ఉంటుంది. ఇక పిట్యూటరీ చక్కగా ఉన్నవారిలో ఇవి పనిచేస్తాయి, అయితే వాళ్ళకు జబ్బే లేదు. హైపోథలామస్‌లో లోపమున్న కొందరు పిల్లల సంగతి వేరు, వాళ్ళ మీద పరిశోధన జరుగుతోంది. పెద్దల విషయానికొస్తే, అవసరమున్నవారికి పనికిరాక, పనిచేసేవారికి అవసరం లేక మిగిలిన మందు ఇది. ప్యాకేజీ మీద సంతకం పెట్టే ముందు ఈ ఒక్క ముక్క ఆలోచించండి.

నిజంగా లోపం ఉన్నవాళ్ళు ఎవరు? వాళ్ళు జిమ్‌లో కనిపించరు. కాన్పు సమయంలో విపరీతంగా రక్తం పోయిన తల్లులు ఉంటారు. రక్తం అందక పిట్యూటరీ చచ్చుబడిపోతుంది. బిడ్డకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, జుట్టు రాలుతుంది, ఏళ్ళ తరబడి నీరసం. షీహాన్ సిండ్రోమ్ అంటారు. "కాన్పు తర్వాత ఆమె ఎప్పుడూ తేరుకోలేదు" అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. ఇంకొకరు పొలంలో రక్తపింజరి కాటు తిని బతికినవారు. ఆ విషం పిట్యూటరీలో రక్తస్రావం కలిగించగలదు, ఫలితం కొన్నిసార్లు నెలలూ ఏళ్ళూ గడిచాక బయటపడుతుంది. కాటు మానిందని ఆసుపత్రి మరిచిపోతారు, మనిషి మాత్రం వాడిపోతూ ఉంటాడు. పిట్యూటరీలో గడ్డకు ఆపరేషనో రేడియేషనో అయినవారు, రోడ్డు ప్రమాదంలో తలకు పెద్ద దెబ్బ తగిలినవారు కూడా ఈ జాబితాలోనే. మీ ఇంట్లో అలాంటివారుంటే హార్మోన్ల డాక్టరుకు చూపించండి. వాళ్ళకు ఇవ్వాల్సింది పెప్టైడ్ కాదు, అవసరాన్ని బట్టి అసలు గ్రోత్ హార్మోనే. దానికంటే ముందు కార్టిసాల్, థైరాయిడ్ లోపాలు సరిదిద్దాలి, ఎందుకంటే ఈ హార్మోన్ మొదలుపెడితే దాగి ఉన్న ఆ లోపాలు పైకి తేలతాయి. కార్టిసాల్ లోపాన్ని పట్టించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

యవ్వనం తిరిగి వస్తుందనే ఆశ ఎక్కడ పుట్టిందంటే, 1990లో అమెరికాలో. డేనియల్ రుడ్‌మన్ అనే డాక్టరు 61 నుంచి 81 ఏళ్ళ మధ్య వయసున్న 21 మంది మగవారిని తీసుకుని 12 మందికి ఆరు నెలలు గ్రోత్ హార్మోన్ సూదులు ఇచ్చారు. కొవ్వు కాని శరీర బరువు 8.8 శాతం పెరిగింది, కొవ్వు 14.4 శాతం తగ్గింది. చిన్న పరీక్ష, ఆరు నెలలే. కానీ దాన్ని పట్టుకుని ఒక వ్యాపారమే పుట్టింది. ఆ వ్యాసాన్ని వ్యాపారులు ఎంతగా వాడుకున్నారంటే, ప్రచురించిన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికే 2003లో దీని మీద హెచ్చరికగా సంపాదకీయం రాయాల్సి వచ్చింది. తర్వాతి పరీక్షల్లో ఇంకో ప్రశ్న అడిగారు: కండ పెరిగింది సరే, బలం పెరిగిందా? 1996లో వృద్ధుల మీద జరిగిన పరీక్షలో శరీరం తీరు మారింది, పనిచేసే శక్తి మారలేదు. 2008లో ఎంకే-677 మీద రెండేళ్ళ పరీక్ష ఫలితం వచ్చింది. అందులోనూ అంతే. కొవ్వు కాని బరువు కిలో పైచిలుకు పెరిగింది, బలం పెరగలేదు, పరగడుపు షుగర్ మాత్రం పెరిగింది. పెరిగిన ఆ బరువులో కొంత కండ కాదు, ఒంట్లో నిలిచిన నీరు. ఇదే ఎంకే-677ను తుంటి ఎముక విరిగిన వృద్ధులకు ఇచ్చి చూసిన మరో పరీక్షను గుండె వైఫల్యం సూచనలు కనిపించి మధ్యలోనే ఆపేశారు.

ఇంతకీ గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే ఆయుష్షు పెరుగుతుందా? ఈక్వడార్ దేశపు దక్షిణ కొండల్లో పొట్టివాళ్ళ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ ఒంట్లో గ్రోత్ హార్మోన్ పుష్కలంగా ఉంటుంది కానీ దాన్ని అందుకునే ద్వారం పుట్టుకతోనే పాడై ఉంటుంది. లారాన్ సిండ్రోమ్ అంటారు. హైమే గెవారా-అగిర్రె అనే డాక్టరు వాళ్ళను ఇరవై ఏళ్ళకు పైగా గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. చాలామంది లావుగానే ఉన్నారు, అయినా ఒక్కరికీ షుగర్ లేదు. క్యాన్సర్ ఒక్కరికే వచ్చింది, వచ్చినామె బతికే ఉంది. వాళ్ళ మామూలు ఎత్తు బంధువుల్లో ఈ రెండు జబ్బులూ అందరిలో లాగే ఉన్నాయి. అయితే ఈ పొట్టివాళ్ళు ఎక్కువ కాలం బతకలేదు. ప్రమాదాలు, తాగుడు, మూర్ఛలు వాళ్ళను తీసుకుపోయాయి. ఎలుకల్లో అయితే లెక్క సూటిగా ఉంది. గ్రోత్ హార్మోన్ లేని మరుగుజ్జు ఎలుకలు మామూలు వాటికంటే చాలాకాలం ఎక్కువ బతికాయి, ఆ హార్మోన్ అతిగా ఊరేలా చేసిన పెద్ద ఎలుకలు త్వరగా ముసలివై పోయాయి. ఎలుకల లెక్క మనుషులకు అచ్చంగా వర్తిస్తుందని నేననను. కానీ యవ్వనం పేరిట ఈ హార్మోన్ అమ్మేవాళ్ళు ఆ ఎలుకల ఊసు ఎందుకు ఎత్తరో మీరే అడగండి.

హార్మోన్ అతిగా ఉన్న మనుషులూ ఉన్నారు. పిట్యూటరీ గడ్డ వల్ల ఎక్రోమెగలీ వచ్చినవారు. చేతులు, పాదాలు, దవడ పెద్దవవుతాయి, బీపీ, షుగర్ వస్తాయి, గుండె ఉబ్బుతుంది. పెప్టైడ్ వాడిన ప్రతివారికీ ఇలా అవుతుందని కాదు. కానీ దారి అటువైపే.

మనవాళ్ళు అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది షుగర్ విషయంలో. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తుంది. 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని లెక్క తేల్చింది. ఆ అంచున ఉన్నవాళ్ళలో చాలామందికి తమ సంగతి తెలియదు. పొట్ట ముందుకొచ్చి, నాన్నకు షుగర్ ఉండి, తానింకా ఎప్పుడూ పరీక్ష చేయించుకోని నలభై అయిదేళ్ళ మనిషే ఈ సూదుల వైపు ఎక్కువగా మొగ్గేది. పైగా పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే గ్రోత్ హార్మోన్ దానంతటదే తగ్గుతుంది. బరువు తగ్గితే మళ్ళీ పుంజుకుంటుంది. అంటే ఆయన చూసిన తక్కువ అంకెకు కారణం పొట్టే కావచ్చు.

క్యాన్సర్ ఉన్నవారు దీని జోలికి పోకూడదు. ఐజీఎఫ్-1 కణాలను పెరగమనే పదార్థం, ఏ కణమో అది ఎంచుకోదు. షుగర్ వల్ల కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవారికీ వద్దు. గర్భిణులకు వద్దు. నిద్రలో గురకపెడుతూ ఊపిరి ఆగే జబ్బున్నవారికి అది ముదరవచ్చు. మిగతావారిలో మామూలుగా కనిపించేవి కాళ్ళవాపు, కీళ్ళ నొప్పులు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్ళు తిమ్మిరెక్కడం. ఉంగరం బిగుసుకుపోతే కండ పట్టిందని మురిసిపోకండి, నీరు పట్టింది.

మందు సంగతి చెప్పాను, ఇక సీసా సంగతి. మన దేశంలో మందు సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. పెప్టైడ్లని ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించుకునే చిన్న సీసాల మీద చాలావాటికి "పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు" అని ఉంటుంది. రాసినవాడు తన జాగ్రత్త తాను పడ్డాడు. లోపల తెల్లటి పొడి ఏమిటో, ఎంతో, దాంట్లో సూక్ష్మజీవుల మలినాలు ఉన్నాయో లేవో మీకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. చల్లగా ఉంచాల్సిన సరుకు మే నెల ఎండలో కొరియర్ బండి మీద తిరిగి వస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఇపామోరెలిన్, సీజేసీ-1295లను భద్రతపై గట్టి ఆందోళన ఉన్న పదార్థాల జాబితాలో పెట్టింది. మలినాలు, ఒళ్ళు ఎదురుతిరిగి పుట్టించే యాంటీబాడీలు అది చెప్పిన కారణాలు. తర్వాత ఆ జాబితా మీద వాదోపవాదాలు నడిచినా, మనుషుల మీద తగినన్ని పరీక్షలు జరగలేదన్న మాట అలాగే ఉంది.

శుభ్రమైన ఆసుపత్రుల్లోనే ఘోరం జరిగిన చరిత్ర కూడా ఈ హార్మోన్‌కు ఉంది. 1958 నుంచి చనిపోయినవారి పిట్యూటరీల నుంచి హార్మోన్ తీసి పొట్టిగా ఉన్న పిల్లలకు ఇచ్చేవారు. ఏళ్ళు గడిచాక వాళ్ళలో కొందరికి మెదడు కరిగిపోయే క్రాయిట్స్‌ఫెల్ట్ యాకబ్ జబ్బు వచ్చింది. ఒక్క ఫ్రాన్సులోనే వందమందికి పైగా చనిపోయారు. 1985లో అమెరికా ఆ సూదులు ఆపేసింది, అదే ఏడాది జన్యు పద్ధతిలో తయారైన సురక్షితమైన హార్మోన్‌కు అనుమతి ఇచ్చింది. ఇవాళ పిల్లలకు వాడుతున్నది ఈ కొత్తదే, దానికి ఆ భయం లేదు. ఈ కథ చెప్పింది ఎందుకంటే, సూది మందు తప్పు బయటపడటానికి ఒక్కోసారి పాతికేళ్ళు పడుతుంది.

కుర్రవాళ్ళకు రెండు మాటలు. కానిస్టేబుల్ సెలక్షన్లలో మగవారికి 167.6 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. ఒక సెంటీమీటరు తక్కువైందని, ఇరవై రెండేళ్ళ అబ్బాయికి ఎవరో ఈ సూదులు చెబుతారు. ఆ వయసుకు ఎముకల చివర పెరిగే పొరలు మూసుకుపోయి ఉంటాయి. ఇక ఏ పెప్టైడ్ వేసినా మిల్లీమీటరు కూడా రాదు. డబ్బు పోతుంది, అంతే. ఇక కబడ్డీయో, వెయిట్‌లిఫ్టింగో ఆడేవాళ్ళు వినండి. గ్రోత్ హార్మోన్, దాన్ని విడుదల చేయించే ఈ పెప్టైడ్లన్నీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధించినవే. పోటీలున్నా లేకున్నా నిషేధమే. దొరికితే నాలుగేళ్ళ దాకా ఆటకు దూరం. ట్రైనరు ఇచ్చాడంటే ఎవరూ వినరు.

పిల్లల ఎత్తు గురించి బెంగపడే తల్లిదండ్రులకు నేను చెప్పేది వేరు. నాలుగేళ్ళు దాటిన పిల్లలు యుక్తవయసు దాకా ఏడాదికి సుమారు అయిదారు సెంటీమీటర్లు పెరగాలి. గోడ మీద గీత గీసి చూడండి. అంతకంటే బాగా తగ్గితే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎడమచేతి ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తారు. థైరాయిడ్, రక్తహీనత, గోధుమ పడని సీలియాక్ జబ్బు, ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్ లాంటివి ముందు చూస్తారు. గ్రోత్ హార్మోన్ లోపమే అని తేలితే దానికి మంచి చికిత్స ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ చిన్నప్పుడు తీసుకున్నది అదే. ఖరీదు ఎక్కువ, నిజమే. 2021లో కేంద్రం తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఈ లోపం కూడా ఉంది. హైదరాబాదులో నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీ ఆ విధానం కింద పనిచేస్తోంది, అడిగి తెలుసుకోండి.

ఇంత చెప్పినా, పెద్దవాళ్ళలో ఎవరైనా మొదలుపెట్టాలనే అనుకుంటే కనీసం ఇవి చేయించుకోండి: పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్, వయసుకు తగిన ఐజీఎఫ్-1, థైరాయిడ్, ఉదయం కార్టిసాల్, కంటి పరీక్ష, ఆ వయసుకు తగిన క్యాన్సర్ పరీక్షలు. నిజంగా లోపముందా అన్నది ఐజీఎఫ్-1 ఒక్కటే తేల్చదు. మందు ఇచ్చి హార్మోన్ ఎంత పైకి లేస్తుందో గంటల తరబడి రక్తం తీసి చూసే పరీక్ష ఉంది, అది ఆసుపత్రిలోనే చేయాలి. ఆ పరీక్ష గురించి అడిగినప్పుడు మాట దాటేసే క్లినిక్‌లో ఇంకేమీ అడగనక్కర్లేదు.

ఇప్పటికే వాడుతున్నవాళ్ళు కూడా వింటూ ఉండొచ్చు. మీ డాక్టరు దగ్గర దాచకండి. షుగరుకో బీపీకో వెళ్ళినప్పుడు ఆ సీసా కూడా పట్టుకెళ్ళండి. దాహం, మాటిమాటికీ మూత్రం, తలనొప్పితో చూపు మసకబారడం, ఆయాసం, వేళ్ళ తిమ్మిరి, వీటిలో ఏది వచ్చినా సూది ఆపి చూపించుకోండి. స్టెరాయిడ్ మాత్రల్లా వీటిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ఒకరి సూది ఒకరు మాత్రం వాడకండి. ఇక, పిట్యూటరీ జబ్బుకు గానీ, పిల్లల ఎదుగుదలకు గానీ డాక్టరు పరీక్షించి రాసిన గ్రోత్ హార్మోన్ తీసుకుంటున్నవాళ్ళు ఈ ప్రసంగం విని మానేయకండి. రేపటి సూది యథాప్రకారం వేసుకోండి.